'సీడెడ్' అనే మాట ఎక్కడిది? దాని అసలు అర్థమేమిటి?

ప్రొద్దుటూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. సినిమా వసూళ్ల లెక్కల్లో మన కడప, కర్నూలు, అనంతపురం జిల్లాలను 'సీడెడ్' అంటున్నారు. ఇది విత్తనమనే అర్థమున్న 'సీడ్' నుంచి వచ్చిందా, వేరే మాటా? అందులో మనల్ని చిన్నబుచ్చే భావమేదైనా ఉందా? పోటీ పరీక్షల ఇంగ్లిషు పేపరులో 'సీడ్' అనే ధ్వనితో ముగిసే మాటల స్పెల్లింగు ఎప్పుడూ తికమక పెడుతోంది, దానికొక దారి ఉందా? డిగ్రీ కళాశాలలో చాలాకాలం ఇంగ్లిషు పాఠాలు చెప్పినవాణ్ణి, కర్నూలులోనే స్థిరపడినవాణ్ణి కాబట్టి, తెలిసినంతవరకు వరుసగా చెబుతాను.

ముందుగా విత్తనం సంగతి తేల్చేద్దాం. మన సీడెడ్‌కు, విత్తనానికి ఎటువంటి సంబంధమూ లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఊరూరా 'సీడ్ పత్తి' వేస్తారు, అనంతపురం వైపు తొలకరి వస్తూనే విత్తనకాయల కోసం బారులు తీరతారు, కాబట్టి ఇక్కడివారికి సీడ్ అనగానే విత్తనం గుర్తుకు రావడం సహజమే. తెలుగు లిపిలో రెండు మాటలూ ఒకే తీరుగా కనబడటం ఆ పొరపాటుకు మరింత సాయం చేస్తుంది. ఇంగ్లిషులో విత్తనాన్ని ఎస్-ఇ-ఇ-డి అని రాస్తారు. అది విత్తడమనే అర్థమున్న ప్రాచీన జర్మానిక్ ధాతువు నుంచి పుట్టిన, ఇంగ్లిషు నేలలోనే మొలిచిన మాట. టెన్నిస్‌లో 'టాప్ సీడ్', 'రెండో సీడ్' అంటారే, అదీ దీని సంతానమే: బలమైన ఆటగాళ్లు మొదటి రౌండులోనే ఒకరినొకరు ఢీకొనకుండా వారిని పట్టికలో ఎడంగా చల్లడాన్ని విత్తడంతో పోల్చి 19వ శతాబ్ది చివర అలా పిలవడం మొదలుపెట్టారు. మన ప్రాంతానికి వాడే మాట స్పెల్లింగు సి-ఇ-డి-ఇ, దాని భూతకాల రూపం సి-ఇ-డి-ఇ-డి. ఇది లాటిన్ నుంచి వచ్చింది.

లాటిన్‌లో దీని మూలరూపం 'కేదెరె'. ప్రాచీన రోమన్లు 'సి' అక్షరాన్ని ఎల్లప్పుడూ 'క' అనే పలికేవారు. తర్వాతి కాలంలో, ఫ్రెంచి నోట పడి, అది 'స' అయింది. కేదెరె అంటే మొట్టమొదట 'వెళ్లడం, కదలడం' అనే అర్థం. ఆ కదలిక ఎదుటివాడికి దారి ఇచ్చే కదలిక అయినప్పుడు 'తప్పుకోవడం, తొలగడం' అయింది. ఒక పని ఎలా సాగిందో, ఎలా ముగిసిందో చెప్పేటప్పుడు 'సంభవించడం' అనే అర్థం కూడా వచ్చింది. ఒకే క్రియకు ఇన్ని అర్థాలేమిటని ఇంగ్లిషు విద్యార్థి ఆశ్చర్యపోవచ్చు గానీ, తెలుగువాడికి ఇది కొత్త కాదు. 'జరుగు' అనే మన క్రియను తీసుకోండి. కర్నూలు సిటీ బస్సులో 'రవ్వంత జరగప్పా' అంటే పక్కకు తప్పుకొని చోటు ఇమ్మని. 'పని జరుగుతా ఉంది' అంటే ముందుకు సాగుతోందని. 'పెండ్లి జరిగింది' అంటే సంభవించిందని. లాటిన్ కేదెరె సరిగ్గా ఈ మూడు దిక్కులకూ పాకింది. నా మటుకు నేను తరగతిలో ఈ ధాతువు వచ్చినప్పుడల్లా నిఘంటువు అర్థాలు బోర్డుమీద రాయకుండా 'జరుగు' ఒక్కటి రాసి ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు అసలు చిక్కు. పక్కకు జరగడమనే అర్థమున్న మాట, ఒక రాజ్యభాగాన్ని ఇంకొకరికి అప్పగించడం ఎలా అయింది? దీనికి జవాబు రోమన్ న్యాయశాస్త్రంలో ఉంది. అక్కడ ఆస్తి చేతులు మారే పద్ధతుల్లో ఒకదాని పేరు 'ఇన్ యూరె కెస్సియో', అంటే న్యాయాధికారి ఎదుట తప్పుకోవడం. కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ ప్రీటర్ అనే న్యాయాధికారి దగ్గరకు వెళతారు. కొనేవాడు ఆ వస్తువును పట్టుకొని, రోమన్ పౌరుల చట్టం ప్రకారం ఇది నాది అని ప్రకటిస్తాడు. ప్రీటర్ రెండోవాణ్ణి చూసి, నీవు కూడా ఇది నీదే అంటావా అని అడుగుతాడు. అసలు యజమాని అనను అంటాడు, లేదా మౌనంగా నిలబడతాడు. అంతే, వస్తువు మొదటివాడిదని ప్రీటర్ తీర్పు చెబుతాడు. పైకి చూస్తే ఇది దావా, లోపల ఇద్దరూ ఒప్పుకొని వచ్చిన బదిలీ. ఇందులో యజమాని ఇచ్చినట్టు ఎక్కడా లేదని గమనించండి. తన హక్కును అడ్డుపెట్టకుండా పక్కకు జరిగాడు, అంతే. అప్పులు తీర్చలేని రుణగ్రస్తుడు తన ఆస్తినంతా అప్పులవాళ్లకు వదిలేసే ఏర్పాటును కూడా ఇదే మాటతో 'కెస్సియో బోనోరుమ్' అనేవారు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసు భాషలో చెప్పాలంటే ఈ మాట స్వభావం దానపత్రానిది కాదు, హక్కు విడుదల పత్రానిది. ఈ తేడాను కాస్త గుర్తుంచుకోండి, మన ప్రాంతం పేరు దగ్గర ఇది మళ్లీ పనికొస్తుంది.

ఇంగ్లిషులోకి ఈ మాట 17వ శతాబ్దిలో, ఫ్రెంచి 'సెదే' ద్వారా గానీ నేరుగా లాటిన్ నుంచి గానీ వచ్చింది. అప్పుడు దానికి తొలగిపోవడం, లొంగడం అనే అర్థమే ఉండేది. ఆ వాడుక ఇప్పుడు పోయింది. ఒప్పందం రాసుకొని భూభాగాన్ని వదులుకోవడమనే అర్థం 18వ శతాబ్ది నడిమికి గానీ స్థిరపడలేదు. అప్పట్లో యూరపు రాజ్యాల సంధిపత్రాలు ఫ్రెంచిలో రాసేవారు కాబట్టి, ఫ్రెంచి క్రియ అర్థమే ఇంగ్లిషు క్రియకూ అంటుకుంది. 1763 నాటి పారిస్ సంధిలో ఫ్రాన్సు కెనడాను బ్రిటన్‌కు ఈ క్రియతోనే వదులుకుంది. అంటే ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలు హైదరాబాదులో సంధిపత్రం రాయడానికి కూర్చునేసరికి, ఈ మాట దౌత్యభాషలో బాగా నలిగిన మాటే.

ఆ సంధి తేదీ 1800 అక్టోబరు 12. ఒక పక్క నిజాం అలీఖాన్, అంటే రెండవ అసఫ్ జా. ఇంకో పక్క గవర్నర్ జనరల్ వెల్లస్లీ తరఫున హైదరాబాదు రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్. నిజాం తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని ఉంచుకొని దాని ఖర్చు ఏటా నగదుగా భరించాలి. ఆ డబ్బు ఏటేటా వసూలు చేసుకోవడం కంపెనీకి బెడద. ఏటేటా కట్టడం నిజాముకు అంతకన్నా బెడద. దాంతో ఖర్చుకు బదులుగా భూమినే శాశ్వతంగా వదులుకునే ఏర్పాటు చేశారు. ఏ భూమి? టిప్పు సుల్తాను మీద యుద్ధాల్లో కంపెనీతో కలిసినందుకు నిజాముకు వాటాగా దక్కిన భూమి. 1792 శ్రీరంగపట్నం సంధిలో కడప ప్రాంతం, 1799లో టిప్పు మరణించాక మైసూరు రాజ్యాన్ని పంచుకున్నప్పుడు గుత్తి, గుర్రంకొండ వంటివి అతనికి వచ్చాయి. ఒక చేత్తో అందుకున్నదాన్ని పదేళ్లు కూడా తిరగకముందే ఇంకో చేత్తో వదిలాడన్నమాట. కడప సీమ మటుకు ఎనిమిదేళ్ల వ్యవధిలో రెండుసార్లు 'సీడ్' అయింది, ఒకసారి టిప్పు చేత, ఇంకొకసారి నిజాం చేత. ఆదోని కథ కొంచెం వేరు. అది మైసూరు యుద్ధాల్లో వచ్చిన వాటా కాదు, అంతకుముందు నుంచీ నిజాం వంశం చేతిలో ఉన్నదే. తుంగభద్ర నదే సరిహద్దుగా ఉంటే ఇద్దరికీ చీకాకు ఉండదని, నదికి ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ వంటి చోట్లను నిజాం తన దగ్గరే ఉంచుకొని, బదులుగా దక్షిణాన ఉన్న ఆదోనిని విడిచిపెట్టాడు.

'సీడెడ్ డిస్ట్రిక్ట్స్' అనే పేరు అలా పుట్టింది. ఇది మన ఒక్కరికే పెట్టిన పేరు కాదు. ఆ మరుసటి సంవత్సరం అవధ్ నవాబు వదులుకున్న ఉత్తరాది భూభాగాలను, ఆ తర్వాత యుద్ధంలో గెలుచుకున్నవాటిని కలిపి కంపెనీవారు 'సీడెడ్ అండ్ కాంకర్డ్ ప్రావిన్సెస్' అన్నారు. వదిలినవి కొన్ని, గెలిచినవి కొన్ని అని వాళ్ల చిట్టాలో రెండు పద్దులు. అక్కడ ఆ పేరు త్వరలోనే మరుగున పడింది. ఇక్కడ మాత్రం థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు అనంతపురం కేంద్రంగా పాలన మొదలుపెట్టి, నేరుగా రైతు దగ్గరే శిస్తు వసూలు చేసే రైతువారీ పద్ధతికి పునాది వేసిన కాలం నుంచి, ఆ పేరు దస్త్రాల్లో పాతుకుపోయింది. 1808లో ఈ ప్రాంతాన్ని బళ్లారి, కడప అనే రెండు జిల్లాలుగా విడగొట్టారు. అయినా రెంటినీ కలిపి చెప్పవలసినప్పుడల్లా పాత మాటే వాడారు.

ఈ మాట నేడు సూచించే ప్రాంతానికి, నాటి సంధి సూచించిన ప్రాంతానికి పొంతన లేదన్న సంగతి కూడా చెప్పాలి. కర్నూలు పట్టణాన్నే చూడండి. 1800లో నిజాం వదులుకున్నది కర్నూలు నవాబు మీద తనకున్న పెత్తనాన్ని, అతడు కట్టే పేష్కషును, అంటే కప్పాన్ని. నేల మీద నవాబే ఉన్నాడు. 1839లో చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకొని తొలగించాకే కంపెనీ ఆ సంస్థానాన్ని స్వాధీనం చేసుకుంది, 1858లో కడప, బళ్లారి జిల్లాల తాలూకాలు కొన్ని కలిపి కర్నూలు జిల్లాను ఏర్పాటు చేసింది. అంటే ఈ పట్టణం ఆక్రమించుకున్నదే గానీ, సూటి అర్థంలో సీడెడ్ కాదు. బనగానపల్లె 1948 దాకా సంస్థానంగానే మిగిలింది. చిత్తూరు పట్టణం ఆర్కాటు నవాబు రాజ్యంలోది, 1801లో వేరే ఒప్పందం కింద కంపెనీకి పోయింది. ఆ జిల్లాలో మదనపల్లె, వాయల్పాడు వైపు మాత్రమే, కడప జిల్లా నుంచి వెళ్లినవి కాబట్టి, నిజాం వదిలిన భూమి. మరో వైపు, ఇప్పుడు ఎవరూ సీడెడ్ అనని బళ్లారి ఆ రోజుల్లో సీడెడ్‌కు గుండెకాయ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటువైపు ఉండిపోగా, బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. కంభం, గిద్దలూరు, మార్కాపురం కూడా అసలు సీడెడ్ నేలే, 1970లో ప్రకాశం జిల్లాలో కలిశాయి.

తెలుగులో ఈ పేరును 'దత్త మండలాలు' అన్నారు. ఇక్కడే అర్థం జారింది. సంస్కృతంలో 'దా' ధాతువుకు ఇవ్వడమని అర్థం, 'దత్త' అంటే ఇవ్వబడినది. తెలుగువాడి చెవికి దత్త అనగానే వినిపించేవి దత్తపుత్రుడు, ధారాదత్తం. నీళ్లు వదిలి దానమిచ్చిన భూమి అని గానీ, పెంపకానికిచ్చిన బిడ్డ అని గానీ స్ఫురిస్తుంది. ఇంగ్లిషు మాటలో దానం లేదు, ప్రీతి లేదు. బాకీకి బదులుగా హక్కు వదులుకోవడం మాత్రమే ఉంది. కచ్చితంగా చెప్పాలంటే 'విడిచిన జిల్లాలు' అనాలి, అది వినడానికి మరీ ఘోరంగా ఉంటుంది కాబట్టి దత్త అనడమే మర్యాద అనుకుని ఉంటారేమో. మర్యాద మాట అటుంచి, 20వ శతాబ్ది మొదట్లో ఇక్కడి చదువుకున్నవారికి ఆ పేరు మింగుడుపడలేదు. ఎవరో ఎవరికో అప్పగించిన సొత్తుగా ఒక ప్రాంతాన్ని పిలవడమేమిటనేది వారి అభ్యంతరం. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంలో దత్త మండలాల ప్రతినిధులు సమావేశమైనప్పుడు, చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అనే పేరును ప్రతిపాదించారు, సభ ఒప్పుకుంది. విజయనగర రాయల ఏలుబడిని గుర్తుచేసే పేరది. ఆయన ఉద్యోగం చేసింది అనంతపురంలో, 1916లో స్థాపించిన 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ'లో. నేడు దాన్నే గవర్నమెంట్ ఆర్ట్స్ కళాశాల అంటున్నాం. ఏ పేరున్న కళాశాలలో పాఠం చెప్పారో ఆ పేరునే మార్చమని అడిగారన్నమాట. పైగా ఆయన భాషాచరిత్ర పండితుడు, మాట బరువు తెలిసినవాడు.

మీ రెండో ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. ఇంగ్లిషులో ఆ క్రియకు నిందార్థం లేదు. చరిత్ర పుస్తకంలో 1800 నుంచి 1928 నడుమ కాలం గురించి రాస్తూ 'సీడెడ్ జిల్లాలు' అంటే తప్పేమీ కాదు, ఇంకా చెప్పాలంటే అదే కచ్చితమైన మాట. నాకు కష్టంగా తోచేది ఎక్కడంటే, ఒక సంఘటనను చెప్పే విశేషణాన్ని అక్కడి మనుషులకు శాశ్వతమైన పేరుగా తగిలించినప్పుడు. వదిలినవాడు నిజాం, అందుకున్నది కంపెనీ. ఇక్కడ ఉన్నవారిని ఎవరూ అడగలేదు, వారి పేరు మాత్రం ఆ చర్య మీదుగా నిలిచింది. 1928 నాటివారు దాన్ని వద్దనడం సబబే. సినిమా పంపిణీదారులకు ఈ చరిత్రతో పనిలేదు. బ్రిటిషు కాలపు విభాగాలు వ్యాపార లెక్కల్లో అలాగే ఉండిపోయాయి, వాళ్ల సీడెడ్‌లో చిత్తూరు జిల్లా మొత్తం కలిసి ఉంటుంది. ఒక విశేషం మాత్రం నన్ను ఎప్పుడూ నవ్విస్తుంది: ప్రతి శుక్రవారం వసూళ్ల పట్టికలో మొదటి పంక్తి నైజాం, దాని కిందనే సీడెడ్. ఇచ్చినవాడి పేరు, ఇచ్చిన భూమి పేరు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా అలా పక్కపక్కనే ఉన్నాయి, నైజాం రాజ్యమూ లేదు, కంపెనీ రాజ్యమూ లేదు.

ఇక పరీక్షల సంగతి. కేదెరె సంతానం ఇంగ్లిషులో చాలా పెద్దది, మనం రోజూ తెలుగులో వాడేవే అందులో ఎన్నో ఉన్నాయి. బస్సు పాసు మీద ఇచ్చే 'కన్సెషన్' అంటే పూర్తి చార్జీ అడిగే హక్కు నుంచి ఒక మెట్టు వెనక్కు జరగడం. స్కూలులో 'రీసెస్' వెనక్కు తగ్గడం, 'ప్రాసెస్' ముందుకు సాగడం, 'యాక్సెస్' దగ్గరకు చేరడం. 'సక్సెస్' అంటే మొదట్లో తర్వాత వచ్చేది, ఫలితం అనే అర్థమే ఉండేది, అది మంచిదైనా చెడ్డదైనా సరే. మంచి ఫలితం అన్న అర్థానికి తర్వాత కుదించుకుపోయింది, వారసత్వాన్ని చెప్పే 'సక్సెషన్' మాత్రం పాత అర్థాన్నే పట్టుకుని ఉంది. 'యాన్సెస్టర్' అంటే ముందు నడిచినవాడు. పోలీసు పంచనామాలో చనిపోయినవారిని 'డిసీజ్డ్' అంటారు, అంటే వెళ్లిపోయినవారు. తెలుగులో 'పోయినాడు' అన్నట్టే. జబ్బు అనే అర్థమున్న 'డిసీజ్' మాత్రం దీనికి చుట్టం కాదు, అది సుఖం లేకపోవడమనే వేరే మాట. 'నెసెసరీ' లోనూ ఈ ధాతువే ఉంది, తప్పుకోవడానికి వీల్లేనిది అని దాని భావం.

స్పెల్లింగుకు దారి సులువే. ధ్వనిలో 'సీడ్' అని ముగిసే ఈ జాతి క్రియల్లో సి-ఇ-ఇ-డి అని రెండు 'ఇ'లు పక్కపక్కన వచ్చేవి మూడంటే మూడు: ఎక్సీడ్, ప్రొసీడ్, సక్సీడ్. 'ఎస్' అక్షరంతో రాసేది ఒకే ఒకటి: సూపర్‌సీడ్. మిగిలినవన్నీ, అంటే కన్సీడ్, ప్రిసీడ్, రిసీడ్, సెసీడ్, యాక్సీడ్, ఇంటర్‌సీడ్, మన మూలపదమైన సీడ్ కూడా, సి-ఇ-డి-ఇ. సూపర్‌సీడ్ వేరుగా ఉండటానికి కారణం అది కేదెరె పిల్ల కాకపోవడం. కూర్చోవడమనే అర్థమున్న 'సెదెరె' అనే మరో లాటిన్ క్రియ దాని తల్లి, పైన ఎక్కి కూర్చోవడమని అర్థం. ఒక మెలిక మిగిలింది: ప్రొసీడ్‌లో రెండు 'ఇ'లు కలిసి ఉన్నా, దాని నుంచి వచ్చిన 'ప్రొసీజర్'లో సి తర్వాత ఒకటే 'ఇ' ఉంటుంది. పరీక్షల్లో ఎక్కువమంది పోగొట్టుకునే మార్కు అదే. ప్రభుత్వం పన్ను మీద వేసే 'సెస్' కూడా సి-ఇ-ఎస్-ఎస్ అని రాస్తారు కాబట్టి సీడెడ్‌కు బంధువనుకుంటారు. కాదు, అది పన్ను నిర్ణయించడమనే అర్థమున్న 'అసెస్' మాటకు తలతెగిన రూపం. ఆ 'అసెస్' కూడా న్యాయాధికారి పక్కన కూర్చోవడమనే అర్థంతో సెదెరె నుంచే వచ్చింది.